హెచ్‌ఆర్‌లో మేనేజర్ అంటే ఏ మేనేజర్? అమీర్‌పేట కన్సల్టెన్సీనా, పటాన్‌చెరు ఫ్యాక్టరీనా?

ప్రశ్న: కాకినాడలో ఈ ఏడాదే ఎంబీఏ హెచ్‌ఆర్ పూర్తిచేశాను. చేతిలో రెండు అవకాశాలున్నాయి. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీలో రిక్రూటర్, నెలకు 20 వేలు. పటాన్‌చెరులో ఒక మందుల ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ ట్రైనీ, 17 వేలు, వారానికి ఆరు రోజుల పని. "హెచ్‌ఆర్ అంటే ఫోన్లు చేయడమేగా, దానికి ఎంబీఏ ఎందుకు" అంటున్నారు నాన్న. అసలు ఈ లైన్లో మేనేజర్ స్థాయి ఉద్యోగాలు ఎన్ని రకాలు? ఏ దారిలో వెళ్తే ఎక్కడ తేలతాం సార్?

సమాధానం:

అమ్మా, ముందు మీ నాన్నగారి సంగతి. ఆయన అన్నదాంట్లో సగం నిజం ఉంది. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, హెడ్‌సెట్ తగిలించి, పొద్దున్నుంచి రాత్రి దాకా "హాయ్, గుడ్ మార్నింగ్, మీరు జాబ్ చేంజ్ కోసం చూస్తున్నారా" అనిపించే ఆఫీసులు హైదరాబాద్‌లో వీధికొకటి ఉన్నాయి. బయటివాళ్లకి కనిపించే హెచ్‌ఆర్ అదే. మిగతాది గోడ అవతల జరుగుతుంది కాబట్టి కనిపించదు.

నేను ఈ లైన్లోకి వచ్చి ఇరవై ఏడేళ్లయింది. గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగ్ మిల్లు టైమ్ ఆఫీసులో మస్టర్, అంటే హాజరు పట్టీ రాస్తూ మొదలుపెట్టాను. అప్పట్లో మా బోర్డు మీద "పర్సనల్ డిపార్ట్‌మెంట్" అని ఉండేది. తర్వాత జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ, ఆ తర్వాత మాదాపూర్‌లో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఇప్పుడు మళ్లీ ఫ్యాక్టరీలే, మూడు ప్లాంట్ల హెచ్‌ఆర్ నా కింద ఉంది. ఇన్నేళ్లలో నాకర్థమైంది ఏంటంటే, "మేనేజర్, హెచ్‌ఆర్" అని ఒకేలా రాసున్న పది విజిటింగ్ కార్డులు తీసుకుంటే, ఆ పదిమందివి పది వేర్వేరు ఉద్యోగాలు. ఒకరు రోజంతా ఎక్సెల్ షీటుతో కాపురం చేస్తారు. ఇంకొకరి ఎదురుగా యూనియన్ సెక్రటరీ కూర్చుంటాడు. మరొకరి ఎదుట, టీమ్‌లో నలుగురిని తీసేయాలని పట్టుబట్టే వైస్ ప్రెసిడెంట్. అందుకని ఎన్ని రకాలు అన్న లెక్క కంటే, రోజూ బల్లకి అవతల ఎవరు కూర్చున్నా మీరు తట్టుకోగలరు, ఎవరైతే తట్టుకోలేరు అన్నది చూసుకోండి. ఆ పద్ధతిలోనే చెప్పుకొస్తాను.

రిక్రూట్‌మెంట్‌తో మొదలుపెడదాం, మీ మొదటి ఆఫర్ అదే కాబట్టి. దీన్నిప్పుడు పెద్ద కంపెనీల్లో టాలెంట్ అక్విజిషన్ అంటున్నారు. ఈ విభాగంలో మేనేజర్ స్థాయికి వెళ్తే పని ఫోన్లు చేయడం కాదు. వచ్చే ఏడాది ఏ టీముకి ఎంతమంది కావాలో ఫైనాన్స్ వాళ్లతో కూర్చుని తేల్చాలి. ఏ కాలేజీకి క్యాంపస్‌కి వెళ్లాలి, ఒక్కో మనిషిని తేవడానికి ఎంత ఖర్చవుతోంది, ఆఫర్ తీసుకున్నవాళ్లలో ఎంతమంది నిజంగా చేరుతున్నారు అన్నవి చూడాలి. తొంభై రోజుల నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాడు మన ఆఫర్ చూపించి ఇంకో రెండు ఆఫర్లు తెచ్చుకుంటాడు, చేరాల్సిన రోజు పొద్దున ఫోన్ స్విచ్ఛాఫ్ చేస్తాడు. ఈ బాధ లేని రిక్రూటింగ్ మేనేజర్ నాకు కనబడలేదు. నకిలీ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు పట్టుకోవడం ఇంకో విద్య.

కానీ కంపెనీలో రిక్రూటర్ వేరు, కన్సల్టెన్సీలో రిక్రూటర్ వేరు. కన్సల్టెన్సీలో మీరు చేసేది సేల్స్, సరుకు రెజ్యూమె. అది తప్పని కాదు, మాట్లాడే ధైర్యం బాగా వస్తుంది. అయితే ఒక్క విషయం ముందే కనుక్కోండి: అది ఇండియా కంపెనీలకి మనుషుల్ని ఇచ్చేదా, లేక అమెరికా స్టాఫింగా? రెండోదైతే సాయంత్రం ఆరింటికి వెళ్లి తెల్లవారుజామున రావాలి. అక్కడ మాటలే వేరు, డబ్ల్యూ2, సీ2సీ, హెచ్1బీ ట్రాన్స్‌ఫర్, బెంచ్ సేల్స్. అమెరికాలో ఉన్న మన తెలుగు పిల్లల్ని ప్రాజెక్టులకి మార్కెటింగ్ చేయడమే పని. అందులో సంపాదించినవాళ్లు నాకు తెలుసు. నాలుగేళ్లు చేశాక ఇండియా కంపెనీ హెచ్‌ఆర్‌లోకి రావాలని చూసినవాళ్లూ తెలుసు. ఇంటర్వ్యూలో "పీఎఫ్ ఎలా కడతారు" అని అడిగితే నీళ్లు నమిలారు. పాపం వాళ్ల తప్పు కాదు, ఆ నాలుగేళ్లలో ఆ మాటే వాళ్ల చెవిన పడలేదు.

పీఎఫ్ మాట వచ్చింది కాబట్టి జీతాల విభాగం గురించి. పేరోల్, ఆపైన కాంపెన్సేషన్ అండ్ బెనిఫిట్స్. హెచ్‌ఆర్‌లో చేరే పిల్లలు దీన్ని గుమాస్తా పని అనుకుని తప్పించుకుంటారు. నా దృష్టిలో హెచ్‌ఆర్ మొత్తానికి పునాది ఇదే. నేను కొత్తవాళ్లని ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఒక తెల్లకాగితం ఇస్తాను. బేసిక్ 15 వేలు, పీఎఫ్ విడగొట్టి చూపించండి అంటాను. ఉద్యోగి జీతంలోంచి 12 శాతం, అంటే 1,800. కంపెనీ ఇంకో 1,800. కంపెనీ ఇచ్చిందాంట్లోంచి 8.33 శాతం, 1,250 రూపాయలు, పెన్షన్ ఖాతాకి పోతుంది. మిగిలిన 550 మాత్రమే పీఎఫ్‌లో పడుతుంది. ఇది చెప్పలేని ఎంబీఏలు పదిమందిలో ఏడుగురు ఉంటారు, నా అనుభవం వరకు. కార్మికుడు మీ దగ్గరకొచ్చి "నా పాస్‌బుక్కులో కంపెనీ డబ్బు తక్కువ పడింది, మీరు తినేశారు" అన్నప్పుడు ఈ 550 లెక్క అతనికి అర్థమయ్యేలా చెప్పగలగాలి. గ్రాట్యుటీ కూడా అంతే. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26 వేలు, పదేళ్ల సర్వీసు అనుకోండి. 26తో భాగించి, 15తో గుణించి, పదేళ్లకి లెక్కేస్తే లక్షా యాభై వేలు. ఈఎస్ఐ, అంటే కార్మికుల వైద్య బీమాకి ఉద్యోగి నుంచి 0.75 శాతం, యాజమాన్యం నుంచి 3.25. పీఎఫ్, ఈఎస్ఐ రెండూ వచ్చే నెల 15వ తేదీ లోపు కట్టేయాలి. తేదీ దాటితే వడ్డీ, ఆపైన డ్యామేజీలు, అంటే జరిమానా.

ఇక 2025 నవంబర్ 21 నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో నాలుగు లేబర్ కోడ్లు అమల్లోకి వచ్చాక ఈ విభాగం వాళ్లకి గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఇన్నాళ్లూ చాలా కంపెనీలు బేసిక్ తగ్గించి, మిగతాదంతా ఆ అలవెన్సు ఈ అలవెన్సు అని రాసుకునేవి. వేతనానికి ఇచ్చిన కొత్త నిర్వచనం ప్రకారం, ఆ లెక్కలోకి రాని అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత మేరా వేతనంలో కలిపేసి లెక్కించాలి. అంటే గ్రాట్యుటీ పెరుగుతుంది, సెలవు జీతం పెరుగుతుంది, సీటీసీ, అంటే ఒక ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు లెక్క తిరగరాయాలి. మనిషి మానేసినా, తీసేసినా రెండు పనిదినాల్లో వేతనం లెక్క తేల్చేయాలి. నలభై ఐదు రోజులు తిప్పించుకోవడానికి అలవాటుపడ్డ కంపెనీలకి ఇది చిన్న దెబ్బ కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ శాఖ పైమెట్టుకి వెళ్తే జీతాల సర్వేలు, హైక్ బడ్జెట్, షేర్ల ఆప్షన్లు, ఇన్సూరెన్స్ బేరాలు చూడాలి. మనుషులతో గొడవ తక్కువ, అంకెలతో ఎక్కువ. మాట తక్కువగా ఉండి లెక్క గట్టిగా ఉన్నవాళ్లకి ఇంతకంటే మంచి చోటు లేదు. వీళ్లకి ఉద్యోగం పోవడం కూడా అరుదు.

ఇప్పుడు నా సొంత ఇలాకా, ఇండస్ట్రియల్ రిలేషన్స్, అంటే యాజమాన్యానికీ కార్మికులకీ మధ్య వ్యవహారాలు. అందరూ ఐఆర్ అంటారు. కాస్త ఎక్కువ చెప్తాను, ఓపిక పట్టండి.

నేను మిల్లులో చేరిన రెండో ఏడు, నూలు వడికే రింగ్ ఫ్రేమ్ మెషిన్ చూసే కార్మికుడు ఒకడు నైట్ షిఫ్టులో నిద్రపోతూ దొరికాడు. అది మూడోసారి. అప్పటి మా ఆఫీసర్ కోపంలో మర్నాడే టర్మినేషన్ లెటర్ కొట్టించి చేతిలో పెట్టేశాడు. షోకాజ్ లేదు, ఛార్జ్‌షీట్ లేదు, ఎంక్వైరీ లేదు. ఆ కుర్రాడు లేబర్ కోర్టుకెళ్లాడు. ఏడేళ్ల తర్వాత సర్వీసు తెగకుండా, ఆ ఏడేళ్ల బకాయి జీతంలో సగంతో తిరిగి వచ్చాడు. వచ్చిన రోజున స్వీట్లు పంచాడు, మాక్కూడా ఇచ్చాడు. తప్పు చేసింది వాడే, అయినా ఓడిపోయింది మేమే. పద్ధతి తప్పితే ఐఆర్‌లో ఎంత నిజమైనా నిలబడదు. ఛార్జ్‌షీట్ ఇవ్వాలి, వివరణకి గడువివ్వాలి, సంబంధం లేని మనిషిని ఎంక్వైరీ ఆఫీసర్‌గా పెట్టాలి, అతని తరఫున మాట్లాడడానికి తోటివాణ్ణి తెచ్చుకోనివ్వాలి, సాక్షుల్ని అడగనివ్వాలి. సస్పెన్షన్‌లో పెడితే మొదటి తొంభై రోజులు సగం జీతం ఇవ్వాలి, ఆలస్యం అతని వల్ల కాకపోతే ఆ తర్వాత ముప్పావు వంతు. ఈ కాగితాలన్నీ తప్పులేకుండా, తెలుగులో, ఆ కార్మికుడికి అర్థమయ్యేలా రాయగలిగిన మనిషికి ఫ్యాక్టరీల్లో ఉన్న విలువ మీరు ఊహించలేరు.

అవతల యూనియన్ ఉంటే పని ఇంకో రకం. జీడిమెట్లలో మొదటిసారి బోనస్ చర్చలకి నేను మంచి ఫైలు తయారుచేసుకుని వెళ్లాను. చట్టప్రకారం కనీసం 8.33 శాతం, గరిష్ఠం 20. మేం పది దగ్గర మొదలుపెట్టాలన్నది ప్లాను. యూనియన్ సెక్రటరీ పదో తరగతి తప్పిన మనిషి. చొక్కా జేబులోంచి చిన్న డైరీ తీసి, మూడేళ్ల ఉత్పత్తి అంకెలు నెలవారీగా చదివాడు. ఏ నెలలో ఏ మెషిన్ ఎన్నాళ్లు ఆగింది, ఎందుకు ఆగింది, అన్నీ ఉన్నాయి. నా ఫైల్లో అవేవీ లేవు. మా జీఎం నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. మర్నాటి నుంచి షాప్‌ఫ్లోర్ మీద రోజూ ఒక రౌండు వేయడం, నా డైరీ నేను రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ సెక్రటరీ రిటైరయ్యాక కూడా పండక్కి ఫోన్ చేస్తూనే ఉంటాడు.

మన దగ్గర ఈ విద్య నేర్చుకోవాలంటే చూడాల్సిన చోటు సింగరేణి. 1998 నుంచి అక్కడ గుర్తింపు సంఘాన్ని రహస్య బ్యాలెట్‌తో కార్మికులే ఎన్నుకుంటున్నారు. 2023 డిసెంబర్‌లో జరిగిన ఎన్నికలప్పుడు కోల్‌బెల్ట్‌లో అసెంబ్లీ ఎన్నికలంత హడావిడి. కొత్త ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లో కూడా, ఒకటికి మించి సంఘాలున్నచోట 51 శాతం మంది కార్మికుల మద్దతున్న సంఘానికే ఒంటరిగా చర్చించే హక్కు. కాబట్టి సభ్యత్వాల లెక్క, మస్టర్ లెక్క తెలిసిన ఐఆర్ మేనేజర్ అవసరం తగ్గదు.

ఫ్యాక్టరీలోనే ఇంకో పోస్టు ఉంది, మీవంటివాళ్లు తరచూ మరిచిపోయేది: వెల్ఫేర్ ఆఫీసర్. పాత ఫ్యాక్టరీల చట్టంలో 500 మంది కార్మికులుంటే ఈ పోస్టు తప్పనిసరి. కొత్త కోడ్‌లో దాన్ని 250కి దించారు. అంటే పోస్టులు పెరుగుతాయి. క్యాంటీన్, పసిపిల్లల్ని చూసే క్రెష్, రెస్ట్ రూములు, కార్మికుల ఫిర్యాదులు అన్నీ ఇతని బల్ల మీదకే వస్తాయి. ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ చేసినవాళ్లకి ఇందులో మొగ్గు ఎక్కువ. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ సోషల్ వర్క్ డిపార్ట్‌మెంట్ నుంచి వచ్చినవాళ్లు మన ఫ్యాక్టరీల్లో చాలామంది కనిపిస్తారు. ఎంబీఏ ఉన్నా లేబర్ లా డిప్లొమా ఒకటి చేసుకుంటే నయం.

ఇక సాఫ్ట్‌వేర్ వైపు అందరూ కలలుకనే పేరు హెచ్‌ఆర్ బిజినెస్ పార్ట్‌నర్. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవ్ ఉల్రిచ్ 1997లో హెచ్‌ఆర్ పనిని విడగొట్టి చెప్పిన పద్ధతి నుంచి పుట్టింది ఇది. ఊరికే ఫైళ్లు చూసేవాళ్లు ఒకవైపు, వ్యాపారం నడిపేవాడి పక్కన కూర్చుని మనుషుల సంగతి ఆలోచించేవాళ్లు ఇంకోవైపు. కాగితం మీద అద్భుతంగా ఉంటుంది. నేను మాదాపూర్‌లో చేసింది ఇదే. నా కింద నాలుగొందల మంది ఇంజనీర్లు. అప్రైజల్, హైక్, ఎవడు మానేస్తున్నాడు, ఎందుకు మానేస్తున్నాడు, ఏ మేనేజర్ కింద ఎక్కువమంది పోతున్నారు అన్నవి చూస్తాం. ప్రాజెక్టులు నడిపే డెలివరీ హెడ్ మంచివాడు దొరికితే ఇది హెచ్‌ఆర్‌లోకెల్లా అందమైన ఉద్యోగం, మన మాటకి విలువుంటుంది. దొరక్కపోతే మీరు అతని తరఫున చెడ్డ కబుర్లు మోసే మనిషి. పనితీరు బాగాలేదని గడువిచ్చే పర్ఫార్మెన్స్ ప్లాన్ మీద ఎవర్ని పెట్టాలో ముందే తేల్చేసి, కాగితాలు మీచేత రాయిస్తారు. ప్రాజెక్టు లేక బెంచ్ మీదున్న పిల్లల్ని ఒక్కొక్కర్నే గదిలోకి పిలిచి రాజీనామా లెటర్ తీసుకున్న ఒక శుక్రవారం తర్వాతే నేను మళ్లీ ఫ్యాక్టరీకి వెళ్లాలనుకున్నాను. అదొక్కటే కారణం కాదు గానీ, అదీ ఒకటి. ఈ పోస్టు చేతికి రావాలంటే మామూలుగా ఆరేడేళ్లు పడుతుంది. ఇంకో మాట, చిన్న కంపెనీలు రెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లకి కూడా ఈ పేరు అంటించేస్తున్నాయి. అలాంటి కార్డు చూసి మోసపోకండి.

ఈ రెండు లోకాల్లోనూ ఉండేది పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల పని. 2013 చట్టం ప్రకారం పదిమంది ఉన్న ప్రతి సంస్థలో ఇంటర్నల్ కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు సీనియర్ మహిళ, సభ్యుల్లో సగానికి తక్కువ కాకుండా మహిళలు, బయటి సభ్యులు ఒకరు ఉండాలి. తొంభై రోజుల్లో విచారణ పూర్తికావాలి. విచారించేది కమిటీ. హెచ్‌ఆర్ మేనేజర్ పని ఆ కమిటీ నిజంగా నడిచేలా చూడడం, ఫిర్యాదు పెట్టినామె పేరు క్యాంటీన్ దాకా పాకకుండా చూడడం. పెద్ద కంపెనీల్లో దీనికి, మిగతా ఫిర్యాదులకి కలిపి ఎంప్లాయీ రిలేషన్స్ మేనేజర్ అని వేరే మనిషిని పెడుతున్నారు. నోరు కట్టుకుని ఉండగలిగినవాళ్లకే ఆ కుర్చీ.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ట్రైనింగ్ విభాగం, అంటే లెర్నింగ్ అండ్ డెవలప్‌మెంట్. స్టేజి మీద మాట్లాడడం ఇష్టమని చాలామంది ఇటు వస్తారు. ఖర్చు తగ్గించాల్సి వచ్చినప్పుడు మొదట కోసేది కూడా దీన్నే. మందుల ఫ్యాక్టరీల్లో మాత్రం కథ వేరు. అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఒక ఆపరేటర్ని చూపించి "ఇతనికి ఈ పనిలో శిక్షణ ఇచ్చిన రికార్డు తీయండి" అంటాడు. ఆ కాగితం లేకపోతే ప్లాంటు మొత్తానికి చిక్కు. క్వాలిటీ వాళ్లతో కలిసి ఆ రికార్డులు చూసేవాళ్ల మీద ఎవరూ చెయ్యివేయరు. ఇక కంప్యూటర్ వైపు హెచ్‌ఆర్ సిస్టమ్స్, అనలిటిక్స్ ఉన్నాయి. వర్క్‌డే, సక్సెస్‌ఫ్యాక్టర్స్, మన హైదరాబాద్‌లోనే 2015లో పుట్టిన డార్విన్‌బాక్స్ లాంటి హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్లు నడిపేవాళ్లకి మంచి రోజులు. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల సెంటర్లు పెరిగేకొద్దీ ఇవి పెరుగుతున్నాయి. ప్రభుత్వం వైపు చూస్తే, రెండు రాష్ట్రాల గ్రూప్-2 పోస్టుల్లో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్ ఉంది. పీఎఫ్ సంస్థలో ఆఫీసర్ పోస్టులకి యూపీఎస్సీ పరీక్ష ఉంటుంది. కొన్ని కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్‌లని యూజీసీ నెట్ మార్కులతో తీసుకున్నాయి. చదువు మీద ఇంకా కోరిక ఉంటే నెట్‌లో లేబర్ వెల్ఫేర్, హెచ్‌ఆర్ సబ్జెక్టు రాసిపెట్టుకోండి, నష్టమేమీ లేదు.

ఈ ముక్కలన్నిటినీ కలిపి చూసే పోస్టు ఫ్యాక్టరీల్లో ప్లాంట్ హెచ్‌ఆర్ హెడ్, కంపెనీ పైన సీహెచ్‌ఆర్‌ఓ, అంటే మొత్తం హెచ్‌ఆర్‌కి పెద్ద. సీహెచ్‌ఆర్‌ఓ కుర్చీల్లో జంషెడ్‌పూర్ ఎక్స్ఎల్ఆర్ఐ, ముంబై టిస్ లాంటి పేరున్న సంస్థల్లో చదివినవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు. అది ఒప్పుకోవాల్సిన నిజం. కానీ ప్లాంట్ హెడ్ దాకా మన కాకినాడ ఎంబీఏతో వెళ్లడానికి అడ్డేమీ లేదు. ఆ దారిలో జీతాలు, ఐఆర్, రిక్రూటింగ్ ఈ మూడింటిలో కనీసం రెండు చేతులారా చేసి ఉండాలి, అంతే.

ఇక మీ రెండు ఆఫర్లు. మూడు వేల తేడా చూడకండి, నేనైతే పటాన్‌చెరు అంటాను. ఫ్యాక్టరీ నుంచి సాఫ్ట్‌వేర్‌కి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ వెళ్లాను. కన్సల్టెన్సీ నుంచి ఫ్యాక్టరీకి వచ్చినవాళ్లు తక్కువ. అయితే గుడ్డిగా చేరొద్దు. హెచ్‌ఆర్ ట్రైనీ అని పిలిచి, గేటు పాసులు రాయించుకుంటూ, పుట్టినరోజు కేకులు తెప్పించుకుంటూ రెండేళ్లు గడిపేసే చోట్లు కూడా ఉన్నాయి. వాళ్లకి ఫోన్ చేసి అడగండి: కంపెనీ రోల్ మీద ఎంతమంది, కాంట్రాక్టు కింద ఎంతమంది? పేరోల్ అక్కడే చేస్తారా, బయటివాళ్లకి ఇచ్చారా? నాకు పైనుండేది ఎవరు, ఆయన ఎన్నేళ్లుగా అక్కడున్నారు? కాంట్రాక్టు మనుషులు ఎక్కువగా ఉంటే భయపడకండి, నేర్చుకోవడానికి మంచిదే. కాంట్రాక్టరు జీతాలు ఎగ్గొడితే ఆ భారం మన కంపెనీ మీదే పడుతుంది కాబట్టి, ప్రతి నెలా వాళ్లు పీఎఫ్, ఈఎస్ఐ కట్టిన చలాన్లు తనిఖీ చేసే పని కొత్తవాళ్లకే అప్పజెప్తారు. ఒడిశా, బిహార్ నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉంటారు, కాస్త హిందీ చూసుకోండి. బస్సు ఎక్కడి నుంచి ఉంది, ఆలస్యమైన రోజు ఇంటికి ఎలా చేరుస్తారు అన్నది కూడా మొహమాటపడకుండా అడగండి. ఆడపిల్లలు అడగడం మామూలే, ఎవరూ తప్పుగా అనుకోరు. అనుకుంటే ఆ చోటు మీకు అక్కర్లేదు.

ఒకవేళ పేరోల్ బయటికిచ్చేశారు, పైన ఉన్నాయన చేరి ఆర్నెల్లే అయింది అని తేలితే నా సలహా మారుతుంది. అప్పుడు అమీర్‌పేటదే ఒక ఏడాది చేసి, ఈలోపు లేబర్ లా డిప్లొమా కట్టి, ఏదైనా కంపెనీ సొంత రిక్రూటింగ్ టీమ్‌లోకి దూకండి. వాళ్లు ఏమన్నారో ఇక్కడే రాయండి, చూసి చెప్తాను. అప్పటిదాకా కన్సల్టెన్సీ వాళ్లకి రానని మాత్రం చెప్పకండి, పటాన్‌చెరు ఆఫర్ లెటర్ చేతికొచ్చాక చెప్దురుగాని.